ఇల్లు కట్టే పది నెలలు స్థలంలోనే కంటైనర్ గదిలో ఉండవచ్చా?

ప్రశ్న (హనుమకొండ)

నమస్కారం. హసన్‌పర్తి దారిలో మాకు 267 గజాల స్థలం ఉంది. 40 అడుగుల ముఖం, 60 అడుగుల లోతు. దసరా తర్వాత ముగ్గు పోసి, వచ్చే శ్రావణంలో గృహప్రవేశం చేయాలన్నది మా ఆలోచన. ఇప్పుడుంటున్న ఇంటిని యజమాని అమ్ముకుంటున్నందున మేము ఖాళీ చేయక తప్పదు. మరో ఇంటికి నెలకు 12,000 రూపాయల కిరాయి అడుగుతున్నారు. ఇంగ్లండులో ఉన్న మా బావమరిది తన ఇల్లు పూర్తయ్యే వరకు స్థలంలోనే స్టాటిక్ క్యారవాన్ పెట్టుకుని ఉన్నాడు. అక్కడ చాలామంది అలాగే చేస్తారట. ఇక్కడ అటువంటిది దొరకదు కనుక, 20 అడుగుల కంటైనర్ గది కొనాలనుకుంటున్నాను. 2,80,000 రూపాయలు చెప్పారు. మేమిద్దరం, తొమ్మిదో తరగతి చదువుతున్న అబ్బాయి, మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ ఉంటాం. అనుభవం ఉన్నవారు సలహా ఇవ్వగలరు.

జవాబు (కాజీపేట, సైటు ఇంజనీరు)

సార్, మీ బావమరిది గారి క్యారవాన్‌తో ఈ పెట్టెను పోల్చకండి. బ్రిటన్‌లో స్టాటిక్ క్యారవాన్ అంటే పేరుకు చక్రాలున్నా, ఒకచోట నిలిపాక ఇక కదలని ఇల్లు. సాధారణమైనదే 35 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు ఉండి, వంటగది, స్నానాల గది అమర్చుకుని వస్తుంది. వాళ్ల బాధ చలితో, గొట్టాల్లో గడ్డకట్టే నీళ్లతో. మన కంటైనర్ 20 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు, అంటే మొత్తం 160 చదరపు అడుగులు. లోపల పఫ్ ప్యానెల్ (వేడిని ఆపే నురుగు పలక) వేశాక వెడల్పు ఏడడుగుల పైచిలుకే మిగులుతుంది. మంచం అడ్డంగా వేస్తే పక్కన ఒక మనిషి నడవడమే కష్టం. నలుగురికి, అందులోనూ పెద్దావిడకు, అది చాలదు.

అయినా కొనాలనుకుంటే, తేవడం కంటే తీసుకుపోవడం గురించి ముందు ఆలోచించండి. ఖాళీ కంటైనరే రెండు టన్నులకు పైగా తూగుతుంది. వచ్చిన రోజు స్థలం బోడిగా ఉంటుంది కాబట్టి హైడ్రా క్రేన్ సులువుగా దించేస్తుంది. పది నెలల తర్వాత మీ ఇంటి గోడ, ప్రహరీ, వీధిలో కరెంటు తీగలు అన్నీ దానికి అడ్డమే. అందుకే వెనుక మూలకు నెట్టకుండా గేటు వచ్చే వైపే పెట్టించి, ఆ భాగం ప్రహరీని చివర్లో కట్టించండి. మీది నల్లరేగడి అయితే నేల వానకు ఉబ్బి, ఎండకు పగులుతుంది. మట్టి తీయించి, మొరం పోయించి దిమ్మిస కొట్టించి, రోడ్డు మట్టం కంటే కనీసం రెండడుగుల ఎత్తున సిమెంటు దిమ్మెల మీద నిలపండి. 2023 జూలైలో హనుమకొండ కాలనీల్లోకి నీళ్లు ఎలా వచ్చాయో మీకు చెప్పనక్కరలేదు. ఇనుప పెట్టె కనుక ఎర్తింగ్, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు) లేకుండా ఒక్క రాత్రి కూడా పడుకోవద్దు.

జవాబు (మడికొండ)

నేను, నా భార్య ఎనిమిది నెలలు అలాంటి గదిలోనే ఉన్నాం. చలికాలం హాయిగా గడిచింది. తెల్లవారుజామున లోపలి గోడలకు చెమ్మ పట్టడం తప్ప ఇబ్బంది లేదు. సిమెంటు బస్తాలు, సలాకలు కళ్లెదుటే ఉన్నాయి, స్లాబుకు పొద్దున్నే మేమే నీళ్లు పట్టుకున్నాం. ఏప్రిల్ రాగానే కథ మారింది. గోడల్లో మందపాటి పఫ్ వేశామని అమ్మినవాళ్లు చెప్పారు. స్విచ్చు బోర్డు విప్పితే అక్కడ పలుచని థర్మాకోల్ కనిపించింది. చివరికి కంటైనర్ పైన అడుగున్నర ఖాళీ వదిలి వేరే రేకుల కప్పు వేయిస్తే కొంత ప్రాణం కుదుటపడింది. ఆ నీడ కప్పు ముందే వేయించండి. నిర్మాణం కోసం తీసుకునే తాత్కాలిక కరెంటు కనెక్షన్‌కు యూనిట్ ధర ఇంటి కనెక్షన్ కంటే బాగా ఎక్కువ కాబట్టి, ఏసీ పెడితే బిల్లు చూసి గుండె ఆగినంత పనవుతుంది. ఇక రోహిణి కార్తెలో మధ్యాహ్నం వేళ మీ అమ్మగారిని ఆ పెట్టెలో ఊహించుకోలేను.

జవాబు (పరకాల)

మన దగ్గర ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి రేకుల గదే కదా అన్నా. ఇటుకతో పది బై పన్నెండు గది లేపితే వాచ్‌మన్‌కూ, సామానుకూ పనికొస్తుంది. ఖర్చు తక్కువ, ఇటుకలు మళ్లీ వాడుకోవచ్చు.

జవాబు (కాజీపేట, సైటు ఇంజనీరు)

పరకాల సోదరుడు చెప్పింది నిజమే కానీ, 40 అడుగుల ముఖంలో ఇల్లు పోగా మిగిలేది సెట్‌బ్యాక్, అంటే ప్లాను ప్రకారం ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ మాత్రమే. అక్కడ కట్టిన గదిని తర్వాత కూల్చడానికి ఎవరికీ మనసొప్పదు, ఉంచితే ప్లానుకు విరుద్ధమవుతుంది. కొనేదానికంటే సామాను, కాపలా కోసం ఒక సెకండ్‌హ్యాండ్ చిన్న కేబిన్‌ను నెల కిరాయికి తీసుకోవడం మేలు. లెక్క కూడా చూడండి: పది నెలల ఇంటి కిరాయి 1,20,000. కంటైనర్‌కు 2,80,000 పెట్టి, దించడానికి, ఎత్తడానికి లారీ, క్రేన్ ఖర్చులు భరించి, సగం ధరకు అమ్మినా కిరాయి కంటే ఎక్కువే పోతుంది. ఏ దారి ఎంచుకున్నా బోరు, సెప్టిక్ ట్యాంకు, ఒక మరుగుదొడ్డి మాత్రం పునాదికంటే ముందే పూర్తి చేయించండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. లెక్క వేసి చూపించాక ఇంట్లో కూడా చర్చ తొందరగానే ముగిసింది. అమ్మను, అబ్బాయిని బడికి దగ్గరలో కిరాయి ఇంట్లో ఉంచుతాం. స్లాబులు పడే రోజుల్లో రాత్రిళ్లు నేను సైటులో పడుకుంటాను. రేపు మేస్త్రీని పిలిపించి సెప్టిక్ ట్యాంకు చోటు కొలిపిస్తున్నాను. పది అడుగుల వాడిన కేబిన్ కిరాయికి ఇచ్చేవారు వరంగల్ చుట్టుపక్కల ఎవరైనా తెలిస్తే చెప్పండి. స్విచ్చు బోర్డు విప్పి చూశాకే తీసుకుంటాను.