119 దేశాలు వద్దన్నా ఆయుధాలు ఎందుకు ఆగవు?

బాలాజీకాలనీ పీజీ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. తిరుపతిలో పీజీ చేస్తూ గ్రూప్-1 మెయిన్స్‌కి చదువుతున్నాను. నిన్న యూనివర్సిటీ లైబ్రరీలో మయన్మార్ గురించి నోట్సు రాసుకుంటుంటే ఒక చోట పెన్ను ఆగిపోయింది.

2021 ఫిబ్రవరి 1న అక్కడి సైన్యం ఎన్నికైన ప్రభుత్వాన్ని కూలదోసింది, రోడ్ల మీదికొచ్చిన జనాన్ని కాల్చింది. మయన్మార్‌కి ఆయుధాలు పోకుండా చూడండని జూన్ 18న ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ తీర్మానం చేస్తే 119 దేశాలు సరే అన్నాయి. వద్దన్నది ఒక్క బెలారస్. 36 దేశాలు ఓటింగ్‌కు దూరంగా ఉన్నాయి, ఆ 36లో మనమూ ఉన్నాం. దక్షిణాఫ్రికా అక్కడి భారతీయుల మీద వివక్ష చట్టం తెచ్చినందుకు 1946లో, స్వాతంత్ర్యం రాకముందే, ఆ దేశంతో వ్యాపారం తెంచుకున్న మొదటి దేశం కూడా మనదే కదా!

అంతమంది ఒప్పుకున్నాక కూడా తుపాకులు ఎందుకు పోతూనే ఉన్నాయి? మనం పక్కకి తప్పుకోవడం సరైనదేనా? అటూ ఇటూ కాకుండా రాయమని కోచింగ్‌లో చెప్తున్నారు. నాకు అలా రాయబుద్ధి కావడం లేదు.

చిత్తూరు లెక్చరర్ (రిటైర్డ్)

అమ్మా, మంచి చోటే ఆగావు. ముందు ఒక తేడా చూడు. సర్వప్రతినిధి సభ తీర్మానం సలహా లాంటిది, ఏ దేశమూ దానికి కట్టుబడాల్సిన పనిలేదు. కట్టుబడాలంటే అది భద్రతామండలి నుంచి, ఐరాస చార్టర్ 7వ అధ్యాయం కింద రావాలి. 15 మందిలో 9 ఓట్లు పడాలి, 5 శాశ్వత సభ్య దేశాల్లో ఒక్కటి కూడా వీటో వేయకూడదు. మయన్మార్ మీద అలాంటి నిషేధం రాలేదు. 2022 డిసెంబరులో మండలి చేసిన 2669వ తీర్మానంలో హింస ఆపమన్నారు, ఖైదీలను వదలమన్నారు, ఆయుధాల నిషేధం మాత్రం పెట్టలేదు. అప్పుడూ చైనా, రష్యా, ఇండియా ఓటు వేయలేదు.

నువ్వు దక్షిణాఫ్రికా మాట ఎత్తావు కాబట్టి అది కొంచెం వివరంగా చెప్తాను, ఇది మన ఇంటి కథ కూడా. 1860 నవంబరు 16న డర్బన్ చేరిన మొదటి కూలీల ఓడ ట్రూరో మద్రాసు నుంచే బయలుదేరింది. తర్వాత ఏళ్ళ తరబడి పోయిన ఓడల్లో ఉత్తర ఆర్కాటు జిల్లా వాళ్ళు చాలామంది ఎక్కారు, అప్పట్లో మన చిత్తూరు ఆ జిల్లాలోనే ఉండేది. 1946లో ఐరాసలో విజయలక్ష్మీ పండిట్ నిలబడి మాట్లాడింది ఆ కూలీల మనవళ్ళ కోసమే.

అయితే ఆయుధాల విషయానికొస్తే, 1963లో 181వ తీర్మానంతో భద్రతామండలి, వర్ణవివక్ష పాలన సాగిస్తున్న దక్షిణాఫ్రికాకు అమ్మకండని పిలుపునిచ్చింది. పిలుపు మాత్రమే, తప్పనిసరి కాదు. ఫ్రాన్స్ మిరాజ్ యుద్ధవిమానాలు అమ్ముతూనే ఉంది. 1976లో అక్కడి సొవేటోలో బడిపిల్లల మీద కాల్పులు జరిగాయి, 1977 సెప్టెంబరులో వర్ణవివక్ష మీద పోరాడిన నల్లజాతి నాయకుడు స్టీవ్ బికో పోలీసు కస్టడీలో చనిపోయాడు. ఆ అక్టోబరు 31న గట్టి ఆంక్షల ముసాయిదాలను అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్ మూడూ వీటో చేశాయి. నాలుగే రోజులకు, నవంబరు 4న, 418వ తీర్మానం ఏకగ్రీవంగా పాసయింది! ఆర్థిక ఆంక్షలను పక్కనపెట్టి ఆయుధాల వరకే అడిగారు కాబట్టి పాసయింది. ఒక సభ్యదేశం మీద తప్పనిసరి ఆయుధ నిషేధం అదే మొదటిసారి. దౌత్యం అంటే నాకు ఆ నాలుగు రోజులే గుర్తొస్తాయి. ఎంత వదులుకుంటే ఎంతమంది కలిసొస్తారో లెక్క వేసుకోవడం. కానీ పిలుపు నుంచి తప్పనిసరి దాకా రావడానికి 14 ఏళ్ళు పట్టింది, ఈలోపు వాళ్ళు సొంతంగా ఆయుధాలు తయారు చేసుకోవడం నేర్చుకున్నారు.

పలమనేరు మాజీ సైనికుడు

సార్ పుస్తకంలోది చెప్పారు, నేను కళ్ళారా చూసింది చెప్తా చెల్లీ. 2014లో ఐరాస శాంతిదళంలో దక్షిణ సూడాన్ పోయినా, మలకాల్ క్యాంపులో డ్యూటీ. వేలమంది జనం ప్రాణభయంతో మా కంచె లోపలికొచ్చి టార్పాలిన్ల కింద ఉండేవాళ్ళు, వానొస్తే మోకాళ్ళ లోతు బురద. ఒకరోజు సాయంత్రం నలుగురైదుగురు ఆడపిల్లలు నేలమీద చిన్న గుంటలు చేసుకుని ఆడుకుంటున్నారు, అచ్చం మన ఊళ్ళో వామనగుంటల మాదిరే. దగ్గరికి పోయి చూస్తే చింతగింజలు కాదు, పేలిన తూటాల ఖాళీ తొడుగులు. ఒక పాప గుప్పెడు తీసి నా చేతిలో పోసింది, నన్నూ ఆడమని.

ఆ తొడుగు అడుగున అంకెలుంటాయి, ఏ ఫ్యాక్టరీది, ఏ సంవత్సరందని. ఐరాస నిపుణుల బృందాలు వాటిని ఫొటోలు తీసుకుని ఆ సరుకు ఏ దేశం నుంచి బయలుదేరిందో పట్టుకుంటాయి. ఐరోపా సమాఖ్య దక్షిణ సూడాన్‌కి ఆయుధాలు అమ్మకూడదని 2011 నుంచే నిషేధం పెట్టుకుంది. అయినా ఉగాండా పేరుమీద కొన్న ఐరోపా సరుకు సరిహద్దు దాటి అక్కడికి చేరిందని తర్వాత బయటపడింది. మేమే వాడుకుంటాం, ఎవరికీ ఇవ్వం అని కొనే దేశం రాసిచ్చే కాగితం ఒకటుంటుంది, దాన్ని తర్వాత ఎవరూ తనిఖీ చేయకపోతే అది కాగితమే. ఒక ఊరు గేటు మూసి పక్క ఊరు తెరిచిపెడితే ఎద్దులు ఆగుతాయా?

భద్రతామండలి నిషేధం ఎప్పుడొచ్చిందో చూడు. దక్షిణ సూడాన్‌లో అంతర్యుద్ధం 2013 డిసెంబరులో మొదలైంది. 2016 డిసెంబరులో ముసాయిదా పెడితే 7 ఓట్లే పడ్డాయి, 8 దేశాలు దూరంగా ఉన్నాయి, వీగిపోయింది. 2018 జూలైలో సరిగ్గా 9 ఓట్లతో గట్టెక్కింది, ఒక్కటి తక్కువైనా పోయేది. చేతులెత్తకుండా కూర్చున్న వాళ్ళ మీద నాకు కోపం పోలేదు, దాచుకోను.

తిరుచానూరు రోడ్

అన్నా, మీ అనుభవానికి దండం. కానీ మయన్మార్ లెక్క వేరు. మనకి వాళ్ళతో 1,643 కిలోమీటర్ల సరిహద్దు ఉంది, మన ఈశాన్యంలో తిరుగుబాటు చేసేవాళ్ళు అటువైపు అడవుల్లో దాక్కుంటారు, అక్కడి సైన్యంతో మాటలు పూర్తిగా తెగితే నష్టం మణిపూర్‌కీ మిజోరంకీ. పొరుగు దేశాలతో సరిగ్గా సంప్రదించకుండా ముసాయిదా తెచ్చారన్నది మనవాళ్ళు చెప్పిన కారణం. అందులో నిజం లేదని నేను అనుకోను.

ఇంకోటి, నిషేధం ప్రతిసారీ బాధితుడికే మేలు చేస్తుందనుకోవద్దు. 1991లో, ముక్కలవుతున్న యుగోస్లావియా మొత్తం మీద ఒకే నిషేధం పెట్టారు. పాత సైన్యం ఆయుధాలు సెర్బుల చేతుల్లో ఉండిపోయాయి, బోస్నియా ముస్లింలు మాత్రం కొనుక్కోలేకపోయారు. 1995 జూలైలో బోస్నియాలోని స్రెబ్రెనికాలో సెర్బు సైన్యం 8 వేల మందికి పైగా ముస్లిం మగవాళ్ళను, మగపిల్లలను చంపేసింది.

చిత్తూరు లెక్చరర్ (రిటైర్డ్)

బోస్నియా సంగతి మీరన్నది నిజం, ఎవరి చేతిలో ఏముందో చూడకుండా పెడితే బలవంతుడికే లాభం. కానీ మయన్మార్‌లో యుద్ధ విమానాలున్నది సైన్యానికి ఒక్కదానికే, ఊళ్ళ మీద బాంబులు వేసేది అదే. అక్కడ బోస్నియా లెక్క కుదరదు. ముసాయిదా నచ్చకపోతే దాన్ని మార్చమని ముందే పట్టుబట్టాలి, 1977లోనూ ముసాయిదా మారాకే అందరూ కలిసొచ్చారు. దేశాల మధ్య ఆయుధాల అమ్మకాలకు నియమాలు పెట్టే ఆయుధ వ్యాపార ఒప్పందం 2013లో ఐరాసలో 154 ఓట్లతో పాసైనప్పుడు కూడా మనం దూరంగానే ఉన్నాం, ఇప్పటికీ సంతకం పెట్టలేదు. ఆయుధాలు మనమూ ఎగుమతి చేస్తున్నాం కాబట్టి ఈ ప్రశ్న ఇక మన ఇంటిదే.

బాలాజీకాలనీ పీజీ

అందరికీ చాలా థాంక్స్. సరిహద్దు కారణం నాకు అర్థమవుతోంది, దాన్నీ రాస్తాను, కానీ మనం ఓటు వేసి ఉండాల్సిందనే రాస్తాను. మార్కులు పోతే పోనీ. పలమనేరు అన్నా, ఒక్క మాట అడగనా? ఆ పాప మీ చేతిలో పోసినవాటి మీద ఏ సంవత్సరం ఉందో గుర్తుందా?

పలమనేరు మాజీ సైనికుడు

గుర్తుంది చెల్లీ. కొన్ని పాతవే, తుప్పు పట్టి అంకెలు చదవడానికి రాలేదు. రెండు మాత్రం మెరుస్తా ఉండాయి. వాటి అడుగున 14 అని ఉండింది. మేం అక్కడికి పోయిన సంవత్సరమే.