సంఘ నియమావళిలో ఏ రూల్ ఉంచాలి, ఏది తీసేయాలి?

పెరంబూరు సెక్రటరీ:
అందరికీ వందనాలు. చెన్నైలో మాది చిన్న తెలుగు క్రైస్తవ సంఘం, రిజిస్టర్డ్ సొసైటీ. సభ్యత్వ నియమాలు తిరగరాసే పని కమిటీ నాకు అప్పజెప్పింది. పాత కాగితంలో ఉన్నవాటిలో కొన్ని: నగలు పెట్టుకున్న స్త్రీలకు ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన) లేదు. ఆఫీసులో ఆయుధపూజ ప్రసాదం తింటే ఆరు నెలలు క్రమశిక్షణ. వరసగా మూడు ఆదివారాలు రాకపోతే పేరు కొట్టివేత. దశమభాగం (రాబడిలో పదోవంతు కానుక) ఇవ్వనివారి పేర్లు నోటీసు బోర్డు మీద. పెద్దలేమో ఇదే పరిశుద్ధత అంటున్నారు. ఓఎంఆర్ ఐటీ కంపెనీల్లో ఉద్యోగాలు చేసే కుర్రాళ్లేమో ఇది పరిసయ్యతనం, అంటే యేసు కాలపు యూదు నిష్ఠాపరుల్లా పైపై ఆచారాలకు పట్టుబట్టడం అంటున్నారు. ఆ తగువు నాకొద్దు. ఒక్కో రూల్‌నీ ఎలా తూచాలో చెప్పండి చాలు.

ద్రాక్షవల్లి:
వందనాలండి. పరిసయ్యుల మాట వచ్చింది కాబట్టి ముందు అదే చూద్దాం. రూల్స్ పెట్టడమే వాళ్ల తప్పు అనుకుంటే పొరపాటు. ద్వితీయోపదేశకాండం 15 ప్రకారం ఏడో ఏట అప్పులు మాఫీ. దాంతో ఆ ఏడు దగ్గరపడేసరికి పేదవాడికి అప్పు పుట్టేది కాదు. హిల్లేలు అనే పరిసయ్య బోధకుడు ప్రోజ్బూల్ అనే పత్రం తెచ్చాడు. బాకీని న్యాయస్థానం చేతికి అప్పగించినట్టు రాసుకుంటే అది మాఫీ కిందకు రాదు. దాంతో అప్పు ఇచ్చేవాళ్లు వెనకాడలేదు. ఇక మార్కు 7లోని కొర్బాను చూడండి. అమ్మానాన్నలకు పెట్టాల్సింది దేవుడికి అర్పితం అనేస్తే వాళ్లను చూడక్కర్లేదు. రెండూ మనుషులు కల్పించినవే. మొదటిది లేనివాడికి ఆసరా అయింది, రెండోది ఉన్నవాడికి సాకు అయింది.

కాబట్టి నాలుగు గడుల పట్టిక గీయండి: వాక్యంలో ఎక్కడుంది, ఎందుకు పెట్టారు, ఎవరి మీద పడుతుంది, తప్పితే ఏం చేస్తారు. రెండో గడిలో "మొదట్నుంచీ ఉంది" అన్న జవాబు తప్ప ఇంకేమీ రాకపోతే ఆ రూల్ కొట్టేయొచ్చు. మూడో గడి ఇంకా ముఖ్యం. నగల రూల్ 1 పేతురు 3:3 మీద నిలబెట్టి ఉంటారు. ఆ ఒక్క వచనంలోనే జడలు, బంగారం, వస్త్రాలు మూడూ ఉన్నాయి. జడ వేసుకొచ్చిందని ఎవరినైనా బల్ల దగ్గర ఆపారా? 1 తిమోతి 2:9లో ఖరీదైన బట్టల మాట కూడా ఉంది, మరి పట్టుచీరకు రూల్ ఏదీ? యాకోబు 2లో బంగారు ఉంగరంతో ఒకాయన సంఘానికి వస్తాడు. అక్కడ చీవాట్లు పడింది ఆయనకు కాదు, ఆయనకు మంచి చోటిచ్చి పేదవాణ్ణి కింద కూర్చోమన్నవాళ్లకు. అణకువ గురించి బోధించండి, తప్పులేదు. దాన్ని బల్లకు గేటుగా మాత్రం పెట్టకండి.

ప్రసాదం సంగతి అంత తేలిక కాదు. విగ్రహాలకు అర్పించినవి మానమని అపొస్తలులు రాసిన ఉత్తరం (అపొస్తలుల కార్యములు 15:29) పెద్దలు చూపిస్తారు, అది నిజంగానే ఉంది. అయితే 1 కొరింథీయులకు 10లో పౌలు రెండు సందర్భాలు విడదీశాడు. విగ్రహం ముందు జరిగే దాంట్లో పాలుపంచుకోవద్దన్నాడు. అంగట్లో అమ్మేది మాత్రం ఆరా తీయకుండా తినమన్నాడు. ఇది అర్పించిందని ఎవరైనా చెప్తే, చెప్పినవాడి మనస్సాక్షి కోసం మానమన్నాడు. అంటే పూజలో నిలబడడం వేరు, మన డెస్క్ మీద ఎవరో పెట్టి వెళ్లిన బొరుగుల పొట్లం వేరు. పైగా అపొస్తలుల ఉత్తరంలో ఆరు నెలల లెక్కేమీ లేదు, వీటికి దూరంగా ఉంటే మీకు మేలు అంటూ ముగుస్తుంది. బోధగా ఉంచండి, శిక్ష తీసేయండి.

నోటీసు బోర్డు మాత్రం ఈ వారమే దించండి. కుడిచెయ్యి చేసే దానం ఎడమచేతికి తెలియకూడదన్న మత్తయి 6:3 ఒక్కటి చాలు, పట్టిక కూడా అక్కర్లేదు.

మల్లేశ్వరం మడి:
బెంగళూరులో భజన మండళ్లలోనూ ఇదే తంతు కాబట్టి మా వైపు నుంచి ఒక మాట. ఏకాదశి ఉపవాసం విధించిన శాస్త్రమే ఎనిమిదేళ్ల లోపు పిల్లల్నీ, ఎనభై దాటిన వాళ్లనీ వదిలేసింది. వ్రతభంగం చేయనివని నీళ్లు, దుంపలు, పండ్లు, పాలు, ఔషధం లాంటివి ఎనిమిది లెక్కపెట్టింది. మండలి వాట్సాప్‌లో వచ్చే సరికి ఈ మినహాయింపులన్నీ ఎగిరిపోయి "నిర్జలం చేసినవాళ్లు చేయి ఎత్తండి" మాత్రమే మిగులుతుంది. ఇన్సులిన్ తీసుకునే మనిషి సిగ్గుపడి చేయి ఎత్తితే షుగర్ పడిపోయి ఆసుపత్రి పాలవుతాడు. మనలో చాలామంది ఆపస్తంబ సూత్రం వాళ్లమని చెప్పుకుంటాం. ఆ ధర్మసూత్రం చివర్లోనే, మిగిలిన ధర్మాలను స్త్రీల దగ్గర, అన్ని వర్ణాల వాళ్ల దగ్గర తెలుసుకోవాలని కొందరి మతం అని ఉంది. దాన్ని ఉదహరించేవాళ్లు నాకైతే కనబడరు! మీ పట్టికలో ఐదో గడి పెట్టండి: మినహాయింపు ఎవరికి, అది అడగడానికి నలుగురిలో నోరు విప్పాలా అక్కర్లేదా.

సుంకరి:
కుర్రాళ్ల వైపూ చూడండి సార్. లూకా 18లో పరిసయ్యుడు "నేను ఇతరుల్లా కాను" అని ప్రార్థిస్తూ వారానికి రెండు ఉపవాసాలని చెప్పుకున్నాడు. ధర్మశాస్త్రం తప్పనిసరి చేసింది ఏడాదికి ఒక్క ప్రాయశ్చిత్త దినమే, మిగతాదంతా ఆయన సొంత బోనస్. తర్వాత తొలి క్రైస్తవులు ఏం చేశారో తెలుసా? దిదకే అనే తొలి క్రైస్తవ బోధల పుస్తకంలో స్పష్టంగా ఉంది: వేషధారులు సోమ, గురువారాలు ఉపవాసం ఉంటారు, మీరు బుధ, శుక్రవారాలు ఉండండి! రోజులు మారాయి, లెక్క మారలేదు. "మేం ఆ నగల రూల్ సంఘం వాళ్లలా కాదు" అని ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టడం కూడా అదే ప్రార్థన. రోమీయులకు 14:3లో తప్పు రెండు వైపులా పంచాడు పౌలు. తిననివాడు తీర్పు తీర్చకూడదు, తినేవాడు చిన్నచూపు చూడకూడదు. రూల్స్ తీసేసేటప్పుడు ఈ రెండోది కూడా కాగితంలో పెట్టండి. లేకపోతే చెవికమ్మలు తీసేసి తెల్లచీర కట్టుకునే పెద్దావిడను రేపు కుర్రాళ్లు ఆటపట్టిస్తారు.

పెరంబూరు సెక్రటరీ:
పట్టిక మొదలుపెట్టాను. హాజరు రూల్ దగ్గర ఆగిపోయాను. రాత్రి షిఫ్ట్ వాళ్లున్నారు, నిజంగా సంఘాన్ని వదిలేసినవాళ్లూ ఉన్నారు. పేరు ఎప్పటికీ కొట్టకుండా ఉండలేం, ఓటు లెక్క తేలదు.

ద్రాక్షవల్లి:
బరువు సభ్యుడి మీద నుంచి పెద్దల మీదకు మార్చండి. "మూడు ఆదివారాలు కనబడకపోతే ఆ వీధి పెద్ద వారం లోపల ఫోన్ చేయాలి లేదా ఇంటికి వెళ్లాలి, తేదీ రిజిస్టర్లో రాయాలి." ఆ తర్వాతే మత్తయి 18:15-17 వరస: ఒంటరిగా ఒకరు, తర్వాత ఇద్దరు ముగ్గురు, ఆపైన సంఘం. ఏ మెట్టూ దాటేయకూడదు. షిఫ్ట్ వాళ్లకు వారం మధ్య కూడికను హాజరు కింద లెక్కించండి. పేరు తీసేముందు రాతపూర్వక నోటీసు, జవాబుకు గడువు పెట్టండి. మీది 1975 నాటి తమిళనాడు చట్టం కింద నమోదైన సొసైటీ అయితే, ఈ నియమాలు బైలాస్‌లో భాగమో కాదో ముందు చూసుకోండి. బైలాస్ అయితే కమిటీ సంతకాలు సరిపోవు. సర్వసభ్య సమావేశంలో ప్రత్యేక తీర్మానం చేసి రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేయాలి. లేదంటే కొత్త కాగితం మీద ఎంత మంచిది రాసినా, గొడవొచ్చిన రోజున పాతదే చెల్లుతుందని వాదిస్తారు.