కొత్త టొమొడాచి లైఫ్ కొనొచ్చా? ఆడినవాళ్లు చెప్పండి

నింటెండో వాళ్ల కొత్త వీడియో గేమ్ టొమొడాచి లైఫ్: లివింగ్ ద డ్రీమ్ కొనాలా, ఆగాలా అని తేల్చుకోలేకపోతున్నాను. మనం చేసిన బొమ్మలు ఒక దీవిలో కాపురముంటే, వాళ్ల బాగోగులు చూసుకునే ఆట ఇది. ఆడినవాళ్లు కాస్త సలహా ఇవ్వండి.

జపాన్‌లో 2013లో, మిగతా దేశాల్లో 2014లో 3డీఎస్ (నింటెండో చేతి గేమ్ పరికరం) మీద వచ్చిన పాత టొమొడాచి లైఫ్ అంటే నాకు ప్రాణం. అపార్ట్‌మెంట్ కిటికీలో గుర్తు కనిపించగానే లోపలికి వెళ్తే, అక్కడుండే ‘మీ’ (Mii, మనం తయారుచేసుకున్న మనిషి బొమ్మ) ఆకలేస్తోందనో, నచ్చినవాళ్లకు మనసులో మాట ఎక్కడ చెప్పమంటావనో అడిగేది. చోటు మనమే ఎంచాలి. అవతలివాళ్లు కాదంటే దిగులుతో కుంగిపోయేది. ఆ ఘట్టాల కోసమే ఆడేదాన్ని.

కొత్తదాంట్లో దీవిని మనకు నచ్చినట్టు మలచుకోవచ్చు, ఎవరు ఎవరిని ఇష్టపడగలరో మనమే పెట్టుకోవచ్చు. ఒకే జెండర్ వాళ్ల మధ్య ప్రేమకు 3డీఎస్ గేమ్‌లో వీలు లేనందుకు నింటెండో అప్పట్లో క్షమాపణ చెప్పింది. అది ఇప్పుడు రావడం నాకు నిజంగా సంతోషం.

నా టెన్షనల్లా వేరు. పాతదాంట్లో కొన్నాళ్లు పోయాక అవే మాటలు, అవే కలలు మళ్లీ మళ్లీ వచ్చేవి. ఇందులో ఆ విసుగు ఎన్నాళ్లకు మొదలవుతుంది? ఇంకో సంగతి, నింటెండోదే మరో దీవి గేమ్ యానిమల్ క్రాసింగ్: న్యూ హొరైజన్స్‌లో దీవి సర్దుడే పెద్ద పనై, ఊళ్లోవాళ్ల మాటలు పలచబడ్డాయని నాకనిపించింది. ఇక్కడా అదే జరిగిందా? నాకు అలంకరణ మీద ఆసక్తి లేదు, బొమ్మల గొడవలూ రాజీలే కావాలి. దీవిని అసలు ముట్టుకోకుండా ఆడినా ఆట సరదాగా సాగుతుందా?

రోజుకు అరగంట మించి ఆడలేను. అలా ఆడేవాళ్లెవరైనా ఉంటే మీ అనుభవం తప్పకుండా రాయండి.