సమస్య: "నీరు నూనె గలసి నిలిచి యుండె" (పూరణలు, సవరణలు)

నిర్వహణ: ఈ వారం ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాం, ముందు మూడు పాదాలూ మీరు మీ కలంపేర్లతో పూరించాలి. నీరూ నూనే కలవవన్నది లోకం మాట, కలిసి నిలిచాయన్నది సమస్య. పచ్చి కూరగాయల సలాడ్ మీద పోసే చిక్కటి డ్రెస్సింగ్‌ను విషయంగా తీసుకోండి. పచ్చిగుడ్డు వద్దు. పచ్చిగుడ్డు మయొనీజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30న ఏడాది పాటు నిషేధించింది కూడా. పద్యం కింద కొలతలు వచనంలో రాయాలి. గణాలు (పాదంలోని గురులఘువుల కూర్పు) కుదిరి డ్రెస్సింగ్ విరిగితే పూరణ కుదరనట్టే.

ఆవఘాటు:

ఆవపిండి మెదిపి యర చెంచ, నూనెను
నిమ్మరసము నందు నెమ్మదిగను
బొట్టు బొట్టు గాను బోయుచు జిలికిన
నీరు నూనె గలసి నిలిచి యుండె

కొలత: ఆవపిండి అర చెంచా, నిమ్మరసం 2 పెద్ద చెంచాలు, చన్నీళ్ళు 1 పెద్ద చెంచా, నూనె 6 పెద్ద చెంచాలు, ఉప్పు పావు చెంచా.

నిర్వహణ: భావం సూటిగా ఉంది, అభినందనలు. రెండు మాటలు. "చిలికిన" అంటే చిలికితే అని. దానికి "నిలిచి యుండు" అని రావాలి గాని "యుండె" అతకదు. "బోయుచు జిలుకగ" అంటే గణమూ చెడదు, కాలమూ సరిపోతుంది. "నెమ్మదిగను", "గాను" రెండూ పాదం నింపడానికి వచ్చినవే. "చెంచా"ను "చెంచ" చేయడం ఆటవెలదిలో క్షమిస్తాను, కందంలో అయితే ఊరుకోను.

రోటిపచ్చడి: వంట వైపు నుంచి ఇంకొన్ని. ఆవపిండిని నేరుగా నిమ్మరసంలో వేస్తే ఘాటు సరిగా ఎక్కదు, పులుపు దాన్ని అణిచేస్తుంది. ముందు చన్నీళ్ళలో కలిపి 10 నిమిషాలు వదిలి, ఆ తరువాత నిమ్మరసం పోయాలి. వేడినీళ్ళు వద్దే వద్దు. నూనె చుక్కలు మళ్ళీ ఒకదానితో ఒకటి కలవకుండా అడ్డుపడేది ఆవగింజ పొట్టులోని జిగురు. అందుకే మెత్తటి పిండి కావాలి, కచ్చాపచ్చాది పనికిరాదు. మొదటి రెండు చెంచాల నూనె నిజంగా బొట్లుబొట్లుగానే పడాలి, తరువాత సన్నటి ధారగా పోసినా ఫరవాలేదు. తొందరపడి గుమ్మరిస్తే విరిగిపోతుంది. అప్పుడు పారబోయక్కర్లేదు. శుభ్రమైన గిన్నెలో చెంచా నీళ్ళు, చిటికెడు ఆవపిండి వేసి, విరిగినదాన్ని అందులోకి బొట్టుబొట్టుగా పోస్తూ చిలికితే మళ్ళీ కూడుకుంటుంది.

కాకపోతే ఆరోగ్యం మాటేమిటి? పెద్ద చెంచా నూనె 120 కాలరీలు, ఆరు చెంచాలంటే 720. నూనె రెండు చెంచాలకు తగ్గించి, మిగతా చోటు వడకట్టిన పెరుగుకిస్తే చిక్కదనం తగ్గదు.

వాసెనగుడ్డ: ఆ పెరుగుతోనే నా పూరణ.

వడియగట్టి పెరుగు వాసెన గుడ్డలో
మిరియ పొడియు నుప్పు మేళవించి
చెంచెడంత నూనె చేర్చి చిలుకగాను
నీరు నూనె గలసి నిలిచి యుండె

అర కిలో పెరుగును గుడ్డలో మూటగట్టి, జల్లెడ మీద పెట్టి, ఫ్రిజ్‌లో 4 గంటలు ఉంచాలి. సుమారు సగం మిగులుతుంది. బయట వేలాడదీస్తే మన ఎండలకు పులిసిపోతుంది. మిరియాలపొడి పావు చెంచా, ఉప్పు అర చెంచా, నూనె 1 చెంచా, నిమ్మరసం 1 చెంచా.

ఆవఘాటు: నీరంతా వడిచేశాక సమస్యలోని నీరు ఎక్కడిదండీ?

వాసెనగుడ్డ: వడకట్టిన పెరుగులోనూ మూడు వంతులకు పైగా నీరేనండీ. పాల మాంసకృత్తులు దాన్ని పట్టి ఉంచాయంతే. నూనె బొట్లను నిలబెట్టేవీ అవే.

నిర్వహణ: ప్రశ్నా బాగుంది, జవాబూ బాగుంది. ఈ పద్యంలో వేలు పెట్టడానికి చోటు లేదు. "వాసెన" (ఆవిరి మీద ఉడికించడానికి కుండ మూతికి కట్టే గుడ్డ) అన్న మాట కుడుముల కుండ మీంచి దిగి ఇక్కడికి రావడం ముచ్చటగా ఉంది.

రోటిపచ్చడి: మిక్సీలో మాత్రం వేయకండి, పెరుగు పలచబడిపోతుంది. కవ్వం గాని ఫోర్క్ గాని చాలు. వడిసిన తేటను పారబోయకుండా అట్టిపెడితే, డ్రెస్సింగ్ మరీ గట్టిపడ్డప్పుడు నీళ్ళకు బదులు వాడుకోవచ్చు. పచ్చి వెల్లుల్లి వేసేవారు తినేముందు వేసుకోవాలి, నిలవుంటే ఘాటు మింగుడుపడదు.

నులివెచ్చన:

నువ్వు ముద్ద బిగిసె నులివెచ్చ నీటికి
బెదర కింక గొంత పిదప బోయ
తెలుపు దేరి మెల్ల దిరిగి మీగడ వోలె
నీరు నూనె గలసి నిలిచి యుండె

పొట్టు తీసిన నువ్వులు అర కప్పు. సన్నసెగ మీద రంగు మారకుండా వేయించి, చల్లారాక నూనె తేలేదాకా రుబ్బాలి. నిమ్మరసం 2 పెద్ద చెంచాలు, నీళ్ళు 5 నుంచి 6 పెద్ద చెంచాలు, ఒక్కొక్కటే.

ఆవఘాటు: రెండో పాదంలో బె, పి యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం జత కుదరడం) చెల్లుతుందా?

నిర్వహణ: నిక్షేపంగా. ప ఫ బ భ ఒకదానికొకటి చెల్లుతాయి, ఎ ఇ లకు మైత్రి ఉంది. వస్తువు చూస్తే ఈ వారం పూరణల్లో దీనికే నా ఓటు. మొదటి చెంచా నీళ్ళకు నువ్వుల ముద్ద బిగుసుకుని రాయిలా తయారవుతుంది. చాలామంది పాడైందనుకుని అక్కడే ఆపేసి ఇంకాస్త నూనె పోస్తారు. చేయాల్సింది నీళ్ళు పోయడమే. ఆ సంగతంతా "బెదరక" అన్న ఒక్క మాటలో ఇమిడింది.

రోటిపచ్చడి: నల్లనువ్వులైతే "తెలుపు దేరి" కుదరదు. నువ్వులు మాడితే చేదు, ఆ చేదును నిమ్మరసం కూడా కప్పలేదు.

గులాబినీరు:

గోరువెచ్చ నీట గొంతసేపును నాన్చి
నిమ్మ పిండి యుప్పు నియతి జేర్చి
మెత్తగాను రుబ్బ మిక్సిలో దెల్ల ప
న్నీరు నూనె గలసి నిలిచి యుండె

పన్నీరు 100 గ్రాములు, నీళ్ళు 4 పెద్ద చెంచాలు, నూనె 1 చెంచా.

నిర్వహణ: "ప" తగిలించి నీరును పన్నీరు చేసేశారు! విరోధం మాయం. నిఘంటువుల్లో పన్నీరంటే గులాబినీరే. పాలవిరుగుడు అర్థం వాడుకలో వచ్చి చేరింది, మీ పేరు చూస్తే తెలిసే చేశారనిపిస్తోంది. ఫ్రిజ్‌లోంచి తీసిన పన్నీరును నేరుగా రుబ్బితే రవ్వరవ్వగా వస్తుంది గనుక 10 నిమిషాల నానుడు తప్పనిసరి.

కొత్తచేయి: మొదటి ప్రయత్నం, తప్పులుంటే మన్నించండి.

జీడిపప్పు నాన్చి సన్నగా రుబ్బిన
వెనిగ రొక్క చెంచ వేసి కలుప
గుడ్డు లేకనైన గుమ్మపా లట్లుగా
నీరు నూనె గలసి నిలిచి యుండె

నిర్వహణ: గణాలన్నీ సరిపోయాయి. మొదటి పాదంలో యతి తప్పింది. జకు సతో హల్లు మైత్రి ఉన్నా, ఈకి అతో అచ్చు మైత్రి లేదు. "చిక్కగా రుబ్బి యా" అనండి, యతి నిలుస్తుంది, "రుబ్బిన... కలుప" అన్న తడబాటూ పోతుంది.

రోటిపచ్చడి: నూనె ఎక్కడా పోయలేదన్న ఆక్షేపణ రాకముందే చెబుతున్నా. జీడిపప్పు బరువులో సగానికి కాస్త తక్కువగా కొవ్వే. అర కప్పు పప్పుకు అర కప్పు నీళ్ళు, నానడానికి వేడినీళ్ళలో అరగంట లేదా చన్నీళ్ళలో 4 గంటలు. నాననిది ఎంత రుబ్బినా నాలుకకు పలుకు తగులుతుంది. ముందు కొద్ది నీళ్ళతో ముద్ద చేసి తరువాత పలచన చేయండి. ఒకేసారి పోస్తే ముక్కలు తప్పించుకు తిరుగుతాయి.

ఇది అందరికీ: కీర ముక్కలకు ముందే ఉప్పు చల్లి, 10 నిమిషాలాగి, పిండి, తుడిచి కలపండి. తడి ఆకుల మీద ఏ డ్రెస్సింగూ అంటదు, గిన్నె అడుక్కి జారుతుంది.

కొత్తచేయి: ధన్యవాదాలు. సవరించిన పాదం: "జీడిపప్పు నాన్చి చిక్కగా రుబ్బి యా". నీళ్ళు కూడా సగం సగం పోశాను.