అమ్మానాన్నలతో స్పెయిన్ తీరం: నెర్హాయా, సాన్ సెబాస్టియనా?

మ్యూనిక్ వాసి: జూలై చివరలో ఒంగోలు నుంచి మా అమ్మానాన్నలు వస్తున్నారు. జర్మనీ ఇచ్చిన షెంగెన్ వీసా స్పెయిన్‌కూ చెల్లుతుంది కనుక ఒక వారం సముద్రం ఒడ్డున గడపాలనుకుంటున్నాము. దక్షిణాన మలాగా దగ్గరి నెర్హాకా, ఉత్తరాన బాస్క్ ప్రాంతంలోని సాన్ సెబాస్టియన్‌కా అన్న విషయంలో మా ఇంట్లో మాట తెగడం లేదు. నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు. అమ్మ గుడ్డు కూడా ముట్టదు.

ఉత్తరపు గాలి: సందేహం లేకుండా సాన్ సెబాస్టియన్. ఒంగోలు ఎండలు చూసి వచ్చిన వారిని నెర్హా ఉన్న దక్షిణపు ఆండలూసియా ఎండలో నిలబెట్టడమేమిటండీ? లా కోంచా తీరం పొడవునా తెల్లని రెయిలింగు పక్కన ఎత్తుపల్లాలు లేని నడకదారి ఉంది; ఇగెల్దో కొండ మీదికి 1912 నుంచి నడుస్తున్న కేబుల్ రైలు చేరుస్తుంది. నెర్హాలోనైతే బుర్రియానా తీరానికి దిగేదే నిటారు వాలు.

చెరకు పాకం: నేను రెండు ఊళ్ళలోనూ మా అత్తగారితో ఉన్నాను కనుక చెబుతున్నాను. నడకదారి మాట నిజమే. అయితే అది అట్లాంటిక్ కావడం వల్ల, పొద్దున విశాలంగా కనిపించిన ఇసుక పోటు వచ్చేసరికి సన్నని పట్టీగా మిగులుతుంది, ఆగస్టులోనూ వాన పడవచ్చు. అసలు చిక్కు తిండి దగ్గర వస్తుంది: అక్కడి పింత్చోలు, అంటే చిన్న చిన్న చిరుతిళ్ళు, బారు ముందు నిలబడి తినేవి, వాటిలో చాలావరకు చేపో మాంసమో గుడ్డో ఉంటుంది, మోకాళ్ళ నొప్పులున్న వారికీ మీ అమ్మగారికీ రెండు విధాలా కష్టమే. నెర్హాలో బాదం, వెల్లుల్లి, రొట్టె, ఆలివ్ నూనె కలిపి నూరిన చల్లని అహోబ్లాంకో మీద ద్రాక్షపళ్ళు వేసి ఇస్తారు. వేయించిన వంకాయ ముక్కల మీద నల్లని చెరకు పాకం పోసి తెస్తే మా అత్తగారు వేలితో రుచి చూసి, "ఇది మన బెల్లం పాకమే" అన్నారు. ఒకప్పుడు ఆ తీరమంతా చెరకు తోటలే. పక్కనున్న ఫ్రిహిలియానా ఊళ్ళో నేటికీ ఆ పాకం కాస్తారు. వంకాయ పిండిలో గుడ్డు లేకుండా కావాలంటే "సిన్ వెవో" అని ముందే చెప్పండి. బస మాత్రం బుర్రియానా వైపు కాకుండా పడమటి తొర్రెసీయా తీరం దగ్గర చూసుకోండి. 1959లో బయటపడిన నెర్హా గుహలు చల్లగా, అద్భుతంగా ఉంటాయి కానీ లోపల వందల మెట్లు. నాన్నగారిని సముద్రం కనిపించే బాల్కోన్ దె యూరోపా అరుగు మీద కూర్చోబెట్టి మీరు వెళ్ళి రండి.

ఉత్తరపు గాలి: తిండి విషయం ఒప్పుకుంటాను, ఆగస్టు ఎండ విషయం ఒప్పుకోను. కొండల మీదుగా తెర్రాల్ అనే వేడిగాలి వీచిన రోజున మలాగా తీరంలో బయట అడుగు పెట్టలేరు.

మ్యూనిక్ వాసి: అయితే ఆగస్టును వదిలేస్తాము. బవేరియాలో బడులు సెప్టెంబరు మధ్యలో గాని తెరవరు, అమ్మానాన్నలకు వీసా గడువూ ఉంటుంది. సెప్టెంబరు మొదటి వారానికి తొర్రెసీయా దగ్గర లిఫ్టు ఉన్న ఇల్లు వెతుకుతున్నాను. నెర్హాకు రైలు లేదు కాబట్టి మలాగా విమానాశ్రయం నుంచి టాక్సీ ముందుగానే మాట్లాడుకోవాలి.