అజ్జరం ఇత్తడితో మార్టినీ తూటా గొట్టం అవుతుందా, అవదా?

పెదబాబు, పాలకొల్లు:
అందరికీ నమస్కారం. మా అక్క మొగుడు డాలస్ దగ్గర ఉంటాడు. పాతకాలపు నల్ల తుపాకిమందుతో పేలే తుపాకులంటే పిచ్చి. ఆయన దగ్గర మార్టినీ హెన్రీ రైఫిలు ఒకటి ఉంది. 2003లో కాఠ్మాండూ పాత రాజభవనంలో మూలుగుతున్న ఆయుధాల గుట్టను అమెరికా వర్తకులు కొన్నారు కదా, ఆ సరుకులోదట. బ్రిటిష్ సైన్యం 1871లో తీసుకున్న తుపాకీ అది. దాని తూటాను 577/450 అంటారు. గుండు 480 గ్రెయిన్లు, మందు 85 గ్రెయిన్లు. అంటే గుండు ఒక్కటే 31 గ్రాములు.

దానికి ఖాళీ గొట్టాలు, అంటే మందూ గుండూ పట్టే ఇత్తడి తొడుగులు, దొరకడం కష్టం, దొరికినా ఖరీదు. అందుకని బావ బ్రెజిల్ మాగ్‌టెక్ వాళ్ళ 24 బోరు ఇత్తడి గొట్టాలు కొని, డైలలో, అంటే ఉక్కు అచ్చుల్లో, విడతలు విడతలుగా నొక్కి మెడ సన్నం చేసుకుంటాడు. పదింట్లో మూడు ముడతలు పడి పాడవుతాయట. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు తణుకు దగ్గర ఇత్తడి సామాన్లు చేసే అజ్జరం తీసుకెళ్ళాను. అక్కడ బిందెలు చూసి, "బిందె మెడ ఇంత అందంగా దించేవాళ్ళు వేలెడంత గొట్టం మెడ దించలేరా? ఓ ఇరవై చేయించి పెట్టు, వేసవికి వచ్చి పట్టుకెళ్తా" అన్నాడు. నాకు టెన్షన్ పట్టుకుంది. అసలు అవుతుందా? అయితే ఎలా చేయించాలి?

ఇంకో సంగతి. మా తాతగారికి తుపాకీ ఉండేది, పాపికొండల వైపు వేటకు వెళ్ళేవారట. దాన్ని ఎప్పుడో స్టేషన్లో అప్పగించేశారు. కానీ గొడ్ల సావిడి అటక మీద ఇదే రకం ఖాళీ గొట్టాలు రెండు దొరికాయి. రెండూ మెడ నుంచి నిలువునా చీలి ఉన్నాయి. ఎన్నిసార్లు పేల్చితే అలా చీలుతాయి?

ఇత్తడిసుత్తి:
మాది అజ్జరమే. నాన్న, పెదనాన్న ఇదే పని చేశారు. నేను చదువుకుని ఉద్యోగంలో పడ్డాను గానీ సుత్తి మోత వింటూ పెరిగినవాణ్ణి. మెడ దించడం మాకు లెక్కలోది కాదండీ. రేకును కొడితే గట్టిపడుతుంది, ఇంకా కొడితే చీలుతుంది. అందుకే నడుమ నడుమ కొలిమిలో కాల్చి మెత్తబరుస్తాం. మీ బావగారి గొట్టాలు ముడతలు పడుతున్నాయంటే ఒక్కో విడతలో ఎక్కువ దించేస్తున్నాడన్నమాట. లేదా డైలో నూనె ఎక్కువ పూస్తున్నాడు. పోవడానికి దారి లేని నూనె గొట్టాన్ని లోపలికి నొక్కి సొట్ట పెడుతుంది. మూడు విడతల్లో చేసేది ఆరు విడతల్లో చెయ్యమనండి.

లేతుమాస్టరు, భీమవరం:
ఇంత తతంగం ఎందుకు? ఇత్తడి కడ్డీ తెచ్చి లేతు మీద తొలిచేస్తే గొట్టం, మెడ, అంచు అన్నీ ఒక్క పట్టున వస్తాయి. విదేశాల్లో అలా తొలిచిన గొట్టాలు అమ్ముతున్నారు కూడా. రొయ్యల చెరువుల ఏరియేటర్లకు బుష్షులు రోజుకు యాభై తీస్తాం, ఇదో లెక్కా? సుత్తి గారు ఏమీ అనుకోవద్దు, కంటి అంచనాతో కాల్చే పనికి కొలత ఉండదు. పైగా కాల్చి నీళ్ళలో ముంచితే గట్టిపడిపోతుంది కదా, మళ్ళీ మొదటికే వస్తారు.

ఇత్తడిసుత్తి:
మాస్టారూ, నీళ్ళలో ముంచితే గట్టిపడేది ఉక్కు. ఇత్తడి కాదు. ఎర్రగా కాల్చి నీళ్ళలో వేసినా, గాలికి వదిలేసినా మెత్తగానే ఉంటుంది. మళ్ళీ దెబ్బ తగిలితేనే గట్టిపడేది. మేం నీళ్ళలో వేసేది తొందరగా చల్లారి చేతికి రావడానికి, పైన పట్టిన నల్లపొర ఊడడానికి. కమ్మరి పని, కంచరి పని ఒకటి కాదు.

డాలస్‌బావ:
పెదబాబూ, నా పేరు ఊరంతా మోయించావు, సంతోషం. నీళ్ళ విషయంలో సుత్తి గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళూ నిజం. నేనూ నీళ్ళు వాడతాను, కానీ కారణం వేరు. గొట్టాన్ని సగం వరకు నీళ్ళలో నిలబెట్టి పైన మెడకు మాత్రమే మంట పెడతాను. అడుగుకు వేడి దిగకూడదు, అంతే.

సుత్తి గారితో నాకు పేచీ అక్కడే. మీరు బిందెను మొత్తం కాలుస్తారు. తూటా గొట్టాన్ని అలా కాలిస్తే చేతులారా ప్రమాదం తెచ్చుకున్నట్టే. మెడ మెత్తగా ఉండాలి, అప్పుడే పేలినప్పుడు తుపాకీ లోపలి గోడకు అతుక్కుని పొగను వెనక్కి రానివ్వదు. అడుగు మాత్రం గట్టిగా ఉండాలి. ఫ్యాక్టరీలో రేకును సాగదీసి, అడుగును అచ్చుల మధ్య నొక్కి ఆ గట్టిదనం తెస్తారు. దాన్ని కొలిమిలో పోగొట్టుకుంటే అడుగు ఉబ్బుతుంది, మందు అంటించే టోపీ వదులవుతుంది, అంచు తెగుతుంది, వేడి గ్యాసు వెనక్కి తన్నేది నా మొహం మీదికే. బిందె పగిలితే నీళ్ళు పోతాయి, అంతే.

లేతు మాస్టారికి ఒక మాట. తొలిచిన గొట్టాలు ఉన్న మాట నిజమే. కానీ ఏ కడ్డీ పడితే ఆ కడ్డీ పనికిరాదు. బుష్షులకు వాడే కడ్డీలో పొట్టు సులువుగా రాలడానికి సుమారు 3 శాతం సీసం కలుపుతారు. తొలవడానికి అది హాయి, వంచడానికి పనికిరాదు. తూటా ఇత్తడిలో 70 పాళ్ళు రాగి, 30 పాళ్ళు జింకు. అజ్జరంలో పాతసామాను కరిగించి పోసిన ఇత్తడిలో ఏముందో ఆ దేవుడికే తెలియాలి.

ఇత్తడిసుత్తి:
బావగారూ, పాతసామాను అని తీసిపారేయకండి. రేకు పనికి రేకు కొని తెస్తాం, పోత పనికి కరిగిస్తాం, రెండూ వేరు. అడుగు సంగతి మాత్రం ఒప్పుకుంటున్నాను. మా పనిలో చివరి దెబ్బలతో ఒళ్ళంతా గట్టిపరుస్తాం. ఒక కొస మెత్తగా, ఒక కొస గట్టిగా ఉంచే అవసరం మాకెప్పుడూ రాలేదు.

కంటి అంచనా గురించి మాస్టారు వెక్కిరించారు కాబట్టి చెబుతున్నా. నాన్న పట్టపగలు కూడా కొలిమి దగ్గర గోనెపట్టా వేలాడదీసి చీకటి చేసుకునేవాడు. వెలుతురులో ఎరుపు కనబడదు. కనబడేసరికే వేడి మించిపోతుంది.

డాలస్‌బావ:
ఆ గోనెపట్టా మాటకు దండం పెట్టాలి. నేను ఇదే పాఠం నలభై గొట్టాలు పాడుచేసుకుని నేర్చుకున్నాను. చీకట్లో ఇత్తడి లీలగా ఎర్రబడిందంటే 500 డిగ్రీల సెల్సియస్ దాటినట్టే. మెడ మెత్తబడడానికి అంత అక్కర్లేదు. కంటికి ఎరుపు తెలిసేలోపే మంట తీసెయ్యాలి. వేడి మరీ మించితే జింకు ఆవిరై పోవడం మొదలవుతుంది, లోహంలో రేణువులు పెరిగి పైన నారింజ తొక్కలా గరుకు తేలుతుంది. ఆ గొట్టం ఇక చెత్తబుట్టకే.

కెమిస్ట్రీమాస్టారు, అమలాపురం:
మెడ గురించి ఇంత వాదించుకున్నారు, పెదబాబు అడిగిన రెండో ప్రశ్న ఎవరూ పట్టించుకోలేదు. అటక మీది గొట్టాలు పేల్చడం వల్లే చీలాయని ఎవరన్నారు? గొడ్ల సావిడి అన్నాడు కదా, జవాబు అందులోనే ఉంది.

బ్రిటిష్ వాళ్ళ కాలంలో మన దేశంలోనే ఇది బయటపడింది. వానాకాలం గుర్రపుశాలల్లో దాచిన తూటాలు, వాడకుండానే, వాటంతటవే చీలిపోయేవి. వానలు తగ్గాక మామూలే. అందుకే దీనికి ఇంగ్లీషులో ఋతువు పేరు పెట్టి సీజన్ క్రాకింగ్ అన్నారు. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమోనియా, గాలిలో తేమ, గొట్టాన్ని నొక్కినప్పుడు లోహంలో మిగిలిపోయిన బిగువు, ఈ మూడూ కలిస్తే ఇత్తడి చీలుతుంది. 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అనే ముగ్గురు దీన్ని తేల్చి రాశారు. మన గోదావరి జిల్లాల్లో తేమకు కరువా, ఆవు పంచితానికి కరువా?

లేతుమాస్టరు, భీమవరం:
పంచితంతో ఇత్తడి పగలడమేంటండీ? మా అమ్మమ్మ గొడ్ల దగ్గరే ఇత్తడి గంగాళం పెట్టేది. డెబ్బై ఏళ్ళుగా ఉంది. ఆ గొట్టాలు పేల్చి పేల్చి అరిగిపోయినవే. పాతకాలం టోపీల్లో పాదరసం ఉండేదని చదివాను, అది ఇత్తడిని తినేస్తుందట కూడా.

కెమిస్ట్రీమాస్టారు, అమలాపురం:
పాదరసం మాట మంచి మాటే, కాదనను. కానీ నల్ల తుపాకిమందుతో మసి బోలెడు వస్తుంది, పాదరసంలో చాలాభాగం ఆ మసితోనే పోయేది. పొగలేని మందు వచ్చాకే అది పెద్ద బెడదైంది. మీ అమ్మమ్మగారి గంగాళం బతికిందంటే దానిలో బిగువు తక్కువై ఉండాలి. చివర్లో కాస్త వెచ్చబెట్టి ఉంటే, లేదా పోతదైతే, బిగువు మిగలదు. 250, 300 డిగ్రీల దగ్గర కాసేపు ఉంచితే ఇత్తడి పెద్దగా మెత్తబడకుండానే లోపలి బిగువు పోతుంది.

పెదబాబూ, ఇంట్లో ఆ గొట్టాలను చింతపండుతో తోమావా? తోముంటే గులాబీ మచ్చలు కనబడ్డాయా?

పెదబాబు, పాలకొల్లు:
అమ్మ తోమింది మాస్టారూ! చీలిక అంచుల్లో గులాబీ రంగు ఉంది. చింతపండు తప్పా?

కెమిస్ట్రీమాస్టారు, అమలాపురం:
తప్పేం లేదు. పులుపుకు జింకు ముందు కరుగుతుంది, రాగి మిగిలి ఎర్రగా కనబడుతుంది. బిందెకు ఏమీ కాదు. అమోనియా వాసన కొట్టే పాలిష్‌లు మాత్రం వద్దు.

పాతఫైళ్ళు, ఏలూరు:
ఇప్పటిదాకా చదువుతూ ఊరుకున్నాను. రెవెన్యూలో ముప్పై ఏళ్ళు గుమాస్తాగిరీ చేశాను. మీరంతా ఇత్తడి గురించే మాట్లాడుతున్నారు. 1959 ఆయుధాల చట్టం రెండో సెక్షన్లో అమ్యూనిషన్ అంటే నిండు తూటా ఒక్కటే కాదు. తూటా భాగాలు, తూటాలు చేసే యంత్రాలు కూడా అందులోకే వస్తాయి. అయిదో సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా వాటిని తయారుచేయకూడదు, అమ్మకూడదు. దేశం దాటించాలంటే పదో సెక్షన్. 2019 సవరణ తర్వాత అయిదో సెక్షన్ తప్పితే శిక్ష ఏడేళ్ళకు తగ్గదు. మెత్తగా ఉందా గట్టిగా ఉందా అని పోలీసు అడగడు.

బావగారికి టెక్సాస్‌లో సరదా కావచ్చు. ఇక్కడ ఇరవై గొట్టాలు చేయించి సూట్‌కేసులో పెట్టుకుని గన్నవరంలో స్కానింగ్‌కి వెళ్తే ఆయనతోపాటు ఆ కంచరివాడూ ఇరుక్కుంటాడు. బిందెలు చేసుకుని బతికేవాడికి మనం తెచ్చిపెట్టే తంటా అది.

ఇత్తడిసుత్తి:
గుమాస్తాగారు చెప్పాక నాకూ ఒళ్ళు జలదరించింది. నిన్న ఫోన్లో పెదనాన్నను ఊరికే అడిగాను. "గొట్టం దించడానికి ఎంతసేపురా, కానీ పుచ్చుకున్నవాడు దేనికి వాడతాడో తెలియకుండా ఇవ్వను" అన్నాడు. నేను కుదురుతుందని ఎగబడి రాశాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

డాలస్‌బావ:
నాకు తట్టలేదు, నిజం. ఇక్కడ ఇది కిరాణా కొట్టు బేరంలా సాగిపోతుంది, ఆ అలవాటులో అనేశాను. గొట్టాలు నేనే చేసుకుంటాను. సుత్తి గారూ, ఆరు విడతల మాట రాసుకున్నాను, మా గ్యారేజీలో గోనెపట్టా కూడా కడతాను. పెదబాబూ, నాకు అజ్జరం నుంచి ఓ మంచి మరచెంబు పంపు చాలు.

పాతఫైళ్ళు, ఏలూరు:
మరి ఆ అటక మీది రెండూ?

పెదబాబు, పాలకొల్లు:
అదే ఆలోచిస్తున్నానండి. చీలిపోయినవి, దేనికీ పనికిరానివి. అమ్మేమో తాతయ్య గుర్తులని దేవుడి గూట్లో పెట్టింది. సోమవారం తెలిసిన లాయరు గారిని కలిసి, ఆయన చెప్పినట్టు ఒక కాగితం రాసుకుని స్టేషన్‌కి వెళ్తాను. ఈలోగా ఫోటో పెట్టమని ఎవరూ అడగొద్దు.