కౌంటీ జడ్జి మళ్లీ ఓటు అడిగినప్పుడు గడిచిన నాలుగేళ్ల పనిని ఎలా తూచాలి?

ప్రశ్న: సైప్రస్ వాసి

నమస్కారం. మేము టెక్సస్‌లోని హ్యారిస్ కౌంటీలో, సైప్రస్ ప్రాంతంలో ఉంటున్నాము. పౌరసత్వం వచ్చాక నేను ఓటు వేయబోయే మొదటి ఎన్నికలు 2026 నవంబరులోవే. అధ్యక్షుడి గురించి, గవర్నరు గురించి మన ఇళ్లలో ఎప్పుడూ చర్చ నడుస్తూనే ఉంటుంది గానీ, పేరుకు జడ్జి అయినా న్యాయస్థానం కాక వరద కాలువల దగ్గర నుంచి టోల్ రోడ్ల దాకా కౌంటీ పాలన అజమాయిషీ చేసే కౌంటీ జడ్జి గురించి గానీ, కమిషనర్ల గురించి గానీ మాట్లాడేవారు అరుదు. 2019 నుంచి ఆ పదవిలో ఉన్న లీనా హిడాల్గో గారు మళ్లీ పోటీ చేయనని 2025 సెప్టెంబరులోనే ప్రకటించారు కాబట్టి జడ్జి పదవికి ఎలాగూ కొత్తవారు వస్తారు. అయితే పదవిలో ఉంటూ మరోసారి ఓటు అడిగేవారు మిగతా స్థానాల్లో ఉంటారు కదా. ఈ మాట ఎత్తితే మా మిత్రులొకరు, హార్వీ తుపాను వేళ కౌంటీ జడ్జిగా అంత పాటుపడిన ఎడ్ ఎమ్మెట్ గారే 2018లో ఓడిపోయారని, రికార్డు చూసి ఓటేసేవారు ఎవరూ లేరని తేల్చేశారు. నిజంగా అంతేనా? పెద్దలు, అనుభవజ్ఞులు చెప్పగలరు.

సమాధానం 1: బేటౌన్ పాతకాపు

మీ మిత్రులు ఫలితం చూశారు గానీ ఓట్ల లెక్క చూసినట్లు లేదు. రిపబ్లికన్ అయిన ఎమ్మెట్ గారు 2007లో నియామకం ద్వారా ఆ పదవిలోకి వచ్చి, 2008లో ఐక్ తుపానును, 2017లో హార్వీని ఎదుర్కొన్నారు. వరద నివారణ పనుల కోసం 250 కోట్ల డాలర్ల బాండ్లను హార్వీ తీరం దాటి సరిగ్గా ఏడాది గడిచిన రోజున, అంటే 2018 ఆగస్టు 25న, ప్రజల ముందు ఓటుకు పెడితే నూటికి ఎనభై అయిదుగురికి పైగా సరేనన్నారు. ఆ తరువాత మూడు నెలలైనా తిరగకముందే, అంతకుముందు ఏ పదవీ చేపట్టని, ఇరవై ఏడేళ్ల డెమొక్రాట్ హిడాల్గో గారి చేతిలో ఆయన దాదాపు 19 వేల ఓట్ల తేడాతో ఓడిపోయారు.

ఇక్కడే ఆగితే మీ మిత్రుల మాటే నిజమనిపిస్తుంది. కానీ అదే రోజు, అదే బ్యాలెట్ మీద సెనేట్ స్థానానికి పోటీ చేసిన రిపబ్లికన్ టెడ్ క్రూజ్ గారు ఈ కౌంటీలో డెమొక్రాట్ బెటో ఓరూర్క్ గారికంటే సుమారు రెండు లక్షల ఓట్లు వెనకబడ్డారు. క్రూజ్ గారికి ఇక్కడ అయిదు లక్షల దగ్గర ఓట్లు వస్తే, ఎమ్మెట్ గారికి అయిదు లక్షల డెబ్బై అయిదు వేల పైచిలుకు వచ్చాయి. పైన డెమొక్రాట్‌కు ఓటు వేసి, ఇంత పొడుగు బ్యాలెట్‌లో కిందికి దిగి వచ్చి ఈయన పేరును వెతికి పట్టుకున్నవారు వేల సంఖ్యలో ఉన్నారన్నమాట. పార్టీ గుర్తు మీద ఒక్క మీటతో అందరికీ ఓటు వేసే స్ట్రెయిట్ టికెట్ సదుపాయం అప్పటికి ఇంకా ఉంది. 2020 నుంచే దానిని తీసేశారు.

2022లో ఇదే లెక్క తలకిందులైంది. అదే కౌంటీలో ఓరూర్క్ గారు గవర్నరు పోటీలో లక్షకు పైగా ఆధిక్యం తెచ్చుకోగా, రెండోసారి నిలబడిన హిడాల్గో గారు రిపబ్లికన్ అలెగ్జాండ్రా మీలర్ గారి మీద 18 వేల ఓట్లతో గట్టెక్కారు. నేరాల గురించిన భయమూ, విమర్శలు వచ్చాక రద్దయిన కోటీ పది లక్షల డాలర్ల టీకా ప్రచారం ఒప్పందమూ ఆమె మీద ప్రభావం చూపాయని నా అభిప్రాయం. స్ట్రెయిట్ టికెట్ ఉన్నా, పోయినా తేడా ఇంచుమించు అంతే ఉండటం గమనించండి. పార్టీ గాలి పడవను ఎటు తోసినా, రికార్డు తెడ్డు మాత్రం పనిచేస్తూనే ఉంది.

సమాధానం 2: న్యాయవాది, హ్యూస్టన్

పాతకాపు గారి లెక్క బాగుంది గానీ, ఆ డెబ్బై అయిదు వేల ఓట్లు పనికి పడ్డాయో, తుపాను రోజుల్లో టీవీలో కనబడిన ముఖానికి పడ్డాయో వేరు చేయడం కష్టం. విపత్తు వేళ ధైర్యం చెప్పడం అందరికీ గుర్తుంటుంది. చిన్న నేరాల కేసుల్లో జామీను సొమ్ము కట్టలేని పేదలను జైల్లో ఉంచడం రాజ్యాంగ విరుద్ధమని ఫెడరల్ న్యాయస్థానం 2017లో చెప్పాక కూడా ఎమ్మెట్ గారి హయాంలో కౌంటీ ప్రజల డబ్బుతో అప్పీళ్లు నడిపింది; 2018 ఎన్నికల తరువాత వచ్చిన కొత్త పాలకులు 2019లో రాజీకి ఒప్పుకున్నారు. ఇది రికార్డు కాదా? అలాగే 2019 మార్చిలో డీర్ పార్క్‌లో రసాయనాల ట్యాంకులు రోజుల తరబడి తగలబడినప్పుడు, గాలి నాణ్యతను కొలిచే ఏర్పాట్లు కౌంటీకి ఎంత తక్కువగా ఉన్నాయో బయటపడింది. ఆ లోటు హిడాల్గో గారు పదవిలోకి వచ్చిన మూడో నెలలో కనబడినా, అది ఆమె నాటిది కాదు. ఎవరి హయాంలో బయటపడింది అన్నదానికంటే, ఎవరి హయాంలో పేరుకుపోయింది అన్నది చూడాలి.

సైప్రస్ వాసి:

ఇద్దరికీ ధన్యవాదాలు. మా ఇంట్లో కౌంటీ పేరు వినబడేది ఆస్తి పన్ను బిల్లు వచ్చినప్పుడు మాత్రమే. అది పెరిగితే కౌంటీ జడ్జి గారిని తిట్టుకోవడం న్యాయమేనా?

సమాధానం 3: ఖాతాల మనిషి

కొంతవరకే న్యాయం. ఆ బిల్లును ఒక్కసారి వరుస వరుసగా చదవండి. పెద్ద మొత్తం స్కూల్ డిస్ట్రిక్ట్‌ది, దానికి వేరే బోర్డు ఉంది. ఇంటి విలువ కట్టేది అప్రైజల్ డిస్ట్రిక్ట్. మీ వైపు కాలనీల్లో మడ్ (MUD, అంటే నీరు, మురుగు సదుపాయాలు చూసే మునిసిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్) పన్ను ఉంటే అది కూడా కౌంటీ చేతిలో లేదు. కౌంటీ, ఫ్లడ్ కంట్రోల్, పోర్టు, ఆసుపత్రుల డిస్ట్రిక్ట్ పేరిట కనబడే వరుసలకు మాత్రం కమిషనర్స్ కోర్టు బాధ్యత వహించాలి. కోర్టు అన్నారని కంగారు పడకండి, జడ్జి గారూ నలుగురు కమిషనర్లూ కలిసి కూర్చునే పాలకమండలి అది. అక్కడ జడ్జి గారిది అయిదింట ఒక ఓటు.

పన్ను రేటు ఖరారు చేసే రోజున అయిదుగురిలో నలుగురైనా హాజరు కావాలని చట్టం. 2022లో ఇద్దరు రిపబ్లికన్ కమిషనర్లు వారాల పాటు ఆ సమావేశాలకు రాకుండా ఉండిపోయి, మిగిలిన ముగ్గురు కోరుకున్న రేటు నెగ్గకుండా చేశారు. పన్ను పెరగకుండా కాపాడారని కొందరు మెచ్చుకున్నారు, ఓటేసి పంపితే పనికి డుమ్మా కొట్టారని మరికొందరు కోప్పడ్డారు. నేను రెండో వర్గం వాడిని, అయినా మీ నిర్ణయం మీది.

వరద బాండ్ల సంగతి మీకు మరీ ముఖ్యం, ఎందుకంటే 2016లోనూ, హార్వీలోనూ సైప్రస్ క్రీక్ ఇళ్లలోకి వచ్చింది. ఏ కాలువ పని ముందు, ఏది వెనక అన్న వరుసను కమిషనర్స్ కోర్టు 2019లో మార్చి, అక్కడి ప్రజల ఆర్థిక, సామాజిక స్థితిని కూడా లెక్కలోకి తీసుకుంది. అది సబబేనా అన్నది పక్కన పెట్టినా, మీ వాటర్‌షెడ్‌లో, అంటే మీ వాగు పరీవాహక ప్రాంతంలో, ఏ పని ఏ దశలో ఉందో ఫ్లడ్ కంట్రోల్ డిస్ట్రిక్ట్ వెబ్‌సైటులో కనబడుతుంది. కోర్టు సమావేశాల అజెండాలు, వీడియోలు కూడా ఆన్‌లైనులో ఉంటాయి. అభ్యర్థికి చందాలు ఇచ్చిన ఇంజనీరింగ్ కంపెనీలకే పనులు పోతున్నాయా అని అనుమానముంటే, జనవరిలోనూ జులైలోనూ, ఎన్నికలకు ముప్పై రోజుల ముందూ, ఎనిమిది రోజుల ముందూ వారు దాఖలు చేసే చందాల నివేదికలను ఆ అజెండాలతో పక్కపక్కన పెట్టి చూడండి.

ఓటు వేసే చోట ఫోను తీయనివ్వరు, కాగితం మీద రాసుకున్నది తీసుకెళ్లవచ్చు. హ్యారిస్ కౌంటీ బ్యాలెట్ ఇంగ్లీషు, స్పానిష్, వియత్నామీస్, చైనీస్ భాషల్లో ఉంటుంది, మన భాషలో లేదు. కాబట్టి పేర్లు మాత్రం బ్యాలెట్‌లో ఉన్నట్లే ఇంగ్లీషులో రాసుకొని, పక్కన మీ గుర్తులు తెలుగులో పెట్టుకోండి.